ఏడో బోర్డు అమ్మాయి

పోయినవారం మనం ప్రూఫ్‌రీడర్‌ని సైకిల్ షాపు పైన, ఎనభయ్యొక్కేళ్ళ సూపర్‌వైజరమ్మ గదిలో, చేతిలో ఒక పాత ఉత్తరంతో వదిలిపెట్టాం. ఆ గదిలోకి ఆమె ఎందుకు వెళ్ళిందో కొత్తగా చదువుతున్నవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పాలి.

ఆమె రాజధానిలో ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతుంది. వయసు నలభై ఒకటి. ఆడవాళ్ళని ప్రేమించిన ఆడవాళ్ళు, మగవాళ్ళని ప్రేమించిన మగవాళ్ళు ఈ దేశంలో ఎలా బతికారో చెప్పే లావుపాటి చరిత్ర పుస్తకం ఒకటి ఆమె బల్ల మీదికి వచ్చింది. ఆమె కూడా అలాంటి మనిషే. తొమ్మిదేళ్ళుగా ఒక నర్సుతో కాపురం ఉంటోంది. అందుకని ప్రతి అక్షరం ఆశగా చదివింది. మూడువందల పన్నెండో పేజీలో ఒక వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. "రాజధాని వెలుపల ఇటువంటి జీవితం ఉన్నట్టు ఆధారాలు లేవు." పక్కన ఎర్రసిరాతో ప్రశ్నార్థకం పెట్టి పంపితే రచయిత దగ్గర్నుంచి మూడు మాటల జవాబు వచ్చింది. "ఉంటే చూపించండి, మారుస్తాను."

చూపించడానికే సెలవు పెట్టి పుట్టిన ఊరికి వచ్చి, అమ్మానాన్నల ఇంట్లోనే దిగింది. పది రోజులు తిరిగితే "మన ఊళ్ళోనా? అబ్బే!" అన్నవాళ్ళే అందరూ. చివరికి పాత టెలిఫోన్ ఎక్స్చేంజిలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన ఆవిడ తలుపు తీసింది. నలభై ఆరేళ్ళ కిందట ఆ ఎక్స్చేంజి మేడమీది విశ్రాంతి గదిలో పదకొండు మంది ఆపరేటర్లు తమదంటూ ఒక లోకం కట్టుకున్నారని, ఒక ఆకాశరామన్న ఉత్తరంతో అది కూలిపోయిందని, కాల్స్ కలిపే బోర్డుల్లో మూడోదాని ముందు కూర్చునే 'బొంగురుగొంతు' అనే ఆమె ఉద్యోగం పోగొట్టుకుని ఊరు విడిచిందని చెప్పింది. ఆమెతో పాటు ఉత్తరానికెక్కిన ఏడో బోర్డు అమ్మాయి ఎవరో మాత్రం చెప్పలేదు. "అది నా నోటితో చెప్పేది కాదమ్మా" అంది. భవనం ఖాళీ చేసేటప్పుడు చెత్తలో కలవకుండా తను తెచ్చుకున్న విచారణ ఫైలు తీసి ప్రూఫ్‌రీడర్ ఒళ్ళో పెట్టింది. ఫైలు తెరవగానే పైనే ఉంది ఆ ఉత్తరం. అది తన తల్లి చేతిరాత.

సైకిల్ షాపు నుంచి ఇంటికి పావుగంట నడక. ఎండ అప్పటికే నెత్తి మీదికి వచ్చింది. ప్రూఫ్‌రీడర్ ఫైలుని గుండెకి అదుముకుని నడుస్తోంది. ఎదురొచ్చిన ఇద్దరు పలకరించారు. ఏం జవాబు చెప్పిందో ఆమెకే తెలియదు.

పొరపాటు పడే అవకాశం లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఇతరుల అక్షరాలు చూసి బతుకుతున్న మనిషి ఆమె. పైగా చిన్నప్పుడు అక్షరాలు నేర్చుకున్నదే ఆ చేతి కింద. అమ్మ 'మ' రాస్తే కొమ్ము చివర చిన్న ముడి వేస్తుంది, దారం జారిపోకుండా వేసినట్టు. కొలతల పుస్తకంలో అదే ముడి. బడికి పంపిన సెలవు చీటీల్లో అదే ముడి. ఇప్పుడు ఈ ఉత్తరంలో, ఆరు వరుసల్లో పదమూడు చోట్ల.

పదకొండేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. తను ఒకమ్మాయిని ప్రేమించానని ఇంట్లో చెప్పిన రోజు. అమ్మ కుట్టుమిషన్ ఆపలేదు. కుడుతూనే, తలెత్తకుండానే, "ఈ ఇంట్లో ఆ మాట ఇంకోసారి వినపడకూడదు. రేపు పొద్దున బండికి వెళ్ళిపో" అంది. స్టేషన్‌కి నాన్నే వచ్చాడు. పెట్టె పైన పెట్టి, కిటికీ దగ్గర నిలబడి, "మీ అమ్మ మాట పట్టించుకోకు బుజ్జీ, నేనున్నాను" అన్నాడు. అన్నట్టే ఉన్నాడు కూడా. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. "మా రెండో కూతురు బాగుందా?" అని నర్సుని అడుగుతాడు. టెలిఫోన్ శాఖలోనే లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. స్తంభాలెక్కడం మానేసి పన్నెండేళ్ళయినా వీధిలో ఎవరి కాలింగ్ బెల్లు మూగబోయినా ఇప్పటికీ ఆయనకే కబురు వెళ్తుంది. ఆయన ఇంట్లో ఉంటే ముందు ఆయనకే ఈ ఉత్తరం చూపించి ఏడ్చేది. కానీ గుమ్మంలో ఆయన చెప్పులు లేవు.

ముందుగది అమ్మ కుట్టు బడి. నాలుగు మిషన్లు, మధ్యలో పొడవాటి కత్తిరింపుల బల్ల, గోడకి మేకులకి వేలాడుతున్న గోధుమరంగు కాగితం నమూనాలు. నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు ఆమెకి వెనకాల పెట్టిన పేరు 'కత్తెరమ్మ'. గుడ్డనైనా మాటనైనా ఒక్క వేటులో తెంపుతుందని. ఆ పూట కాలర్ తిప్పడం నేర్పుతోంది. "మూల దగ్గర మిగిలిన గుడ్డ తీసెయ్యకపోతే కాలర్ కాదు, చెవి మొలుస్తుంది చొక్కాకి" అంటోంది. అమ్మాయిలు నవ్వుతున్నారు.

"వాళ్ళని పంపించెయ్యి" అంది ప్రూఫ్‌రీడర్ గుమ్మంలోంచే.

కత్తెరమ్మ కూతురి ముఖం చూసింది, చేతిలో ఫైలు చూసింది. ఫైలు మీద టెలిఫోన్ శాఖ ముద్ర ఉంది. "ఇవాళ్టికి చాలమ్మా, రేపు రండి" అంది. అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు.

ప్రూఫ్‌రీడర్ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇది నీ రాతేనా?"

తల్లి ముట్టుకోలేదు. వంగి చూసింది.

"నాదే."

తలుపు బద్దలు కొడదామని పరుగెత్తుకొచ్చినవాళ్ళకి తలుపు తీసే ఉంటే ఎలా ఉంటుంది? అలా తూలింది ప్రూఫ్‌రీడర్. దారి పొడుగునా వాదన సిద్ధం చేసుకుంది. కాదంటే కొలతల పుస్తకం తెచ్చి పక్కన పెట్టాలనుకుంది. ఏదీ అక్కర్లేకపోయేసరికి గొంతులో ఉన్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"ఎంత తేలిగ్గా చెప్తున్నావమ్మా! నీకేం చేశారు వాళ్ళు? నీ సొమ్ము తిన్నారా, నీ ఇల్లు దోచారా? వాళ్ళ మానాన వాళ్ళు బతుకుతుంటే కిటికీలోంచి తొంగి చూసి, పేరు పెట్టుకునే ధైర్యం కూడా లేకుండా, ఆకాశరామన్న ఉత్తరం రాస్తావా? ఒకావిడ ఉద్యోగం పోయింది, ఊరు పోయింది. నన్నొక్కదాన్నే తరిమావనుకున్నా. నీకిది పాత అలవాటన్నమాట."

"ఏ కిటికీలోంచి?" అంది తల్లి.

"ఎక్స్చేంజి ఎదురుగా కుట్టుపని నేర్చుకునేదాన్నని నువ్వే చెప్పేదానివిగా."

"ఎక్స్చేంజి ఎదురుగా కలప అడితి ఉండేది. అక్కడ రంపం కోత తప్ప ఇంకేం నేర్పరు. కుట్టుపని నాకు పెళ్ళయ్యాకే వచ్చింది. అంతకు ముందు మూడేళ్ళు ఆ ఎక్స్చేంజిలో పని చేశాను. ఏడో బోర్డు నాది."



ప్రూఫ్‌రీడర్ ఉత్తరం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఇందాక చేతిరాత చూసిన షాక్‌లో మాటలు సరిగ్గా చదవనే లేదు. ఇప్పుడు చదివింది.

"అయ్యా, మీ ఆఫీసు మేడమీది గది గురించి మీకు వచ్చిన అనుమానానికి కారణం ఇద్దరే. మూడో బోర్డులో కూర్చునే మనిషి, ఏడో బోర్డులో కూర్చునే మనిషి. వాళ్ళు ఒకరిని విడిచి ఒకరు ఉండలేరు. మిగిలినవారికి ఏమీ తెలియదు. దయచేసి వారిని విచారణ పేరుతో వేధించవద్దు. మీ మేలు కోరే ఒక మనిషి."

"నీ మీద నువ్వే..." అంది ప్రూఫ్‌రీడర్.

"కూర్చో. పడిపోయేలా ఉన్నావు."

ప్రూఫ్‌రీడర్ మిషన్ ముందు స్టూల్ మీద కూలబడింది. నమ్మబుద్ధి కావడం లేదు. కత్తెరమ్మకి ఫోన్ మోగితేనే చిరాకు. "నాకవేం తెలుస్తాయి, మీ నాన్నని పిలువు" అంటుంది. అలాంటి మనిషి ఒక బోర్డు ముందు కూర్చుని ఊళ్ళకి ఊళ్ళు కలిపిందంటే ఎలా నమ్మడం?

"అబద్ధం" అంది చివరికి.

తల్లి బల్ల అవతల కుర్చీలో కూర్చుంది. వెన్ను నిటారుగా పెట్టింది. ఎడమచెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్ళింది. "నంబర్ ప్లీజ్" అంది. "ట్రంక్స్. లైన్‌లో ఉండండి. మీ పార్టీ మాట్లాడుతున్నారు, మాట్లాడండి."

ఆ గొంతు ప్రూఫ్‌రీడర్ పుట్టాక ఎన్నడూ విని ఎరగదు. మెత్తగా, చల్లగా, ఎంత దూరంలో ఉన్నవాళ్ళనైనా దగ్గరికి తెచ్చేలా ఉంది. నలభై ఒక్క ఏళ్ళుగా ఈ ఇంట్లో తిరుగుతున్న మనిషిలో ఇంకో మనిషి ఉందని ఆ నాలుగు ముక్కలకే తేలిపోయింది.

"ఇప్పుడైనా నమ్ముతావా?" అంది తల్లి మామూలు గొంతుతో.

తర్వాత అరగంట ఆమె మాట్లాడుతూనే ఉంది. అంతసేపు ఆమె మాట్లాడగా కూతురు ఎప్పుడూ వినలేదు.

ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ట్రంక్ కాల్ కలపాలంటే అప్పట్లో ఆపరేటర్ తన ముందున్న బోర్డులో చేత్తో తీగ గుచ్చాలి. అవతలి ఊళ్ళో ఇంకో ఆపరేటర్ అందుకోవాలి. అలా రేవు ఊరు, గనుల ఊరు, చక్కెర మిల్లు ఊరు, రైల్వే జంక్షన్, ఇలా తొమ్మిది ఊళ్ళ ఆపరేటర్లు ఒకరికొకరు గొంతులుగా మాత్రమే తెలుసు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కాల్స్ పలచబడేవి. అప్పుడు వాళ్ళే మాట్లాడుకునేవాళ్ళు.

"ఎవరితో ఏం మాట్లాడొచ్చో ఎలా తెలిసేది?"

"'మీ దగ్గర వాన పడిందా?' అని అడిగేవాళ్ళం. మామూలు మనిషైతే పడిందనో లేదనో చెప్తుంది. మన మనిషైతే 'పడింది, గొడుగులో ఇద్దరం ఉన్నాం' అంటుంది. అంతే, ఇక మాటలు మొదలు. చక్కెర మిల్లు ఊళ్ళో బ్యాంకు గుమాస్తాలు ఇద్దరు అక్కచెల్లెళ్ళమని చెప్పుకుని ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒకామెకి జబ్బు చేస్తే తొమ్మిది ఊళ్ళకీ గంటలో తెలిసిపోయింది. జంక్షన్‌లో ఒక మంగలి ఉండేవాడు. ప్రతి బుధవారం గనుల ఊళ్ళో ఒక మేస్త్రీకి కాల్ బుక్ చేసేవాడు. తమ్ముడని చెప్పేవాడు. తిన్నావా, దగ్గు తగ్గిందా, నన్ను తలుచుకున్నావా అని తమ్ముణ్ణి ఎవరైనా అడుగుతారా! కాల్‌కి ఇచ్చే మూడు నిమిషాలు దాటినా మేం తీగ పీకేవాళ్ళం కాదు. ఆ తొమ్మిది ఊళ్ళలో ఏ బోర్డూ పీకేది కాదు."

మూడువందల పన్నెండో పేజీలోని వాక్యం ప్రూఫ్‌రీడర్ కళ్ళ ముందు కదిలింది. "రాజధానిలో ఇలాంటివాళ్ళు ఉన్నారని మీకు తెలుసా?" అని అడిగింది, ఏదో ఒకటి అడగాలి కనుక.

"ఉంటే ఉండుగాక. ఆ లైన్ ఎప్పుడూ బిజీ. మాకు దొరికి చచ్చేది కాదు."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వు వచ్చింది. పదకొండేళ్ళలో ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఆవిడ? బొంగురుగొంతు?"

తల్లి కత్తెర తీసి గుడ్డ ముక్క అంచు కోయబోయి, మళ్ళీ కింద పెట్టింది.

"నన్ను పనిలో పెట్టిన మొదటి రోజు నా పక్కన కూర్చుని నేర్పింది తనే. ఆ గొంతు చూసి ఆపరేటర్‌గా ఎవరు తీసుకున్నారా అనుకున్నా. తీగ మీద వింటే తెలిసింది. ఆ బొంగురు తీగ మీద తేనెలా మారేది. ఒకసారి విన్నవాళ్ళు మళ్ళీ ఆ బోర్డే కావాలనేవాళ్ళు." తల వంచుకుంది. "నాకూ అంతే."

"మరి ఈ ఉత్తరం?"

"కొత్తగా వచ్చిన ఆఫీసరు మా మాటలు చాటుగా విన్నాడు. మేడమీది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఏం జరుగుతోందో తేలుస్తానని పదకొండు మందినీ విచారిస్తానన్నాడు. మాలో ఒకామెకి పసిపిల్ల. ఇంకొకామె జీతం మీద ఏడుగురు బతుకుతున్నారు. సూపర్‌వైజరమ్మ పోతే ఆవిడ మంచం పట్టిన అన్నకి దిక్కు లేదు. అప్పుడు మేమిద్దరం అనుకున్నాం. ఇద్దరి పేర్లు దొరికితే వాడి కడుపు నిండుతుంది, మిగతావాళ్ళ జోలికి పోడు. మా ఇద్దరి ఉద్యోగాలు ఎలాగూ పోతాయి. పోతే కలిసి బండెక్కేద్దాం. ఎక్కడో ఒక చోట బతుకుదాం. నా రాత బాగుంటుందని నన్ను రాయమంది. నేను రాస్తుంటే పక్కనుంచి చూసి, 'ఒకరిని విడిచి ఒకరు ఉండలేరా! ఫిర్యాదు రాయమంటే ప్రేమలేఖ రాశావేంటే' అని ఒకటే నవ్వు."

"రాసి పంపేశారు."

"పంపలేదు."

ప్రూఫ్‌రీడర్ తలెత్తింది.

"పంపలేదమ్మా. మర్నాడే ఆఫీసరుకి వేరే ఊరి బాధ్యత కూడా అప్పగించారని, విచారణ ఉండదని వార్త వచ్చింది. అమ్మయ్య అనుకున్నాం. చించేద్దామంటే 'ఉండనీ, నువ్వు రాసిన ప్రేమలేఖ ఇదొక్కటే కదా' అంది. విశ్రాంతి గదిలో నా సొరుగు అడుగున పెట్టాను. వారం తిరక్కుండా అది ఆఫీసరు బల్ల మీద ఉంది."

"ఎవరు పంపారు?"

"ఆ ఉత్తరం సంగతి తెలిసింది ఇద్దరికే. నేను పంపలేదు. ఇంకెవరు మిగిలారో నువ్వే చెప్పు."

అప్పుడు అర్థమైంది ప్రూఫ్‌రీడర్‌కి. నలభై ఆరేళ్ళుగా ఈ మనిషి లోపల ఏది గడ్డకట్టి ఉందో అర్థమైంది.

"తనే పంపిందనుకున్నావా?"

"ఇంకేమనుకోను? ఎప్పుడూ తొందర తనకే. 'ఎన్నాళ్ళే ఈ దొంగ బతుకు' అనేది. నాకు చెప్పకుండా, నన్నడక్కుండా, నా బతుకు తీసుకెళ్ళి వాడి బల్ల మీద పెట్టిందే అని మండిపోయాను. మా నాన్న ఆఫీసుకొచ్చి అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. ఆఫీసరు కాళ్ళా వేళ్ళా పడి కాగితాల్లో నా పేరు కొట్టేయించాడు. తను మనిషి చేత కబురు పంపింది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటి బండి, స్టేషన్‌లో ఉంటానని. నేను వెళ్ళలేదు. మూడింటికి బండి కూత ఇంట్లోకి వినపడింది. గోడ వైపు తిరిగి పడుకున్నా. తర్వాత మూడు వారాలకి నా పెళ్ళి. సంబంధం తనంతట తనే నడిచి వచ్చింది. టెలిఫోన్ శాఖలో లైన్‌మన్, బుద్ధిమంతుడు, జరిగిందంతా తెలిసీ చేసుకుంటానన్నాడు. మా నాన్న ఎగిరి గంతేశాడు."

ప్రూఫ్‌రీడర్ కళ్ళు తుడుచుకుంది. జాలి వేసింది. ఆ జాలి వెనకాలే కోపం కూడా తన్నుకొచ్చింది.

"ఇంత జరిగిన దానివి, నేను వచ్చి చెప్పిన రోజు తల కూడా ఎత్తలేదే! ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? నేనూ ఇలాంటి దాన్నేనని ఒక్క మాట! పదకొండేళ్ళు నువ్వంటే రాయి అనుకున్నా."

"ఎత్తితే ఏడ్చేదాన్ని. ఏడిస్తే నువ్వు ఆగిపోయేదానివి. ఈ ఊళ్ళో ఆగిపోయినవాళ్ళు ఏమవుతారో నాకు తెలుసు." తల్లి కూతురి వంక సూటిగా చూసింది. "బండెక్కితే చాలనుకున్నా."

"చాల్లేదమ్మా. నాకు చాల్లేదు."

"తెలుసు" అంది తల్లి. సమర్థించుకోలేదు. కాసేపు సుద్దముక్కతో బల్ల మీద గీతలు గీసింది. తర్వాత ఫైలు వైపు చూపించింది. "అందులో కవరుందేమో చూడు. నేను కవరు రాయలేదు. పంపినవాళ్ళే రాసుంటారు. తన రాత ఒక్కసారి కళ్ళారా చూస్తే... అనుమానంతోనే ఇన్నేళ్ళు గడిపేశాను గానీ ఎప్పుడూ చూడలేదు."

ప్రూఫ్‌రీడర్ ఫైలు తాడు విప్పింది. విచారణ నివేదిక, వాంగ్మూలాలు, నల్లసిరాతో ఒక పేరు గట్టిగా కొట్టేసిన పేజీ. ఆ సిరా కింద ఉన్నది అమ్మ పేరన్నమాట. ఆఖరి కాగితం వెనక తుప్పుపట్టిన గుండుసూదితో గుచ్చి ఒక చిన్న కవరు ఉంది. సూది తీస్తే తుప్పు వేళ్ళకంటింది. ఆఫీసరు హోదా, టెలిఫోన్ ఆఫీసు చిరునామా, మూడు వరుసలు.

తల్లి కళ్ళద్దాలు పెట్టుకుంది. కవరు అందుకునే ముందు చేతులు రెండూ తుడుచుకుంది. చూసింది.

"ఇది తన రాత కాదు."

"సరిగ్గా చూడు."

"మూడేళ్ళు తన పక్కన కూర్చుని తన చీటీలు చదివాను. నాకు తెలీదా? తను అక్షరాలన్నీ ఎడమవైపు వాల్చేది. ఇది తనది కాదు." నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో. అయ్యో, తను పంపలేదు. స్టేషన్‌లో నిలబెట్టేశానే. ఏ తప్పూ చెయ్యని మనిషిని నిలబెట్టేశానే! తను నేనే పంపాననుకుని ఉంటుంది. నేనే పంపి, నేనే రాలేదనుకుని ఉంటుంది."

ప్రూఫ్‌రీడర్ లేచి వెళ్ళి తల్లి భుజం పట్టుకుంది. పదకొండేళ్ళ తర్వాత ముట్టుకోవడం. భుజం ఎముక చేతికి తగిలింది. తల్లి ఏడుస్తోందనుకుంది గానీ ఏడుపు ఆగిపోయి ఉంది. తల్లి కవరునే చూస్తోంది. కళ్ళద్దాలు పైకి తోసి, కవరు ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది.

"ఏంటమ్మా?"

"వంటింటి తలుపుకి చీటీ గుచ్చి ఉంటుంది. తీసుకురా."

"ఏం చీటీ?"

"తీసుకురా అన్నానా!"

ప్రూఫ్‌రీడర్ వంటింట్లోకి వెళ్ళింది. తలుపుకి గుచ్చిన సరుకుల చీటీ ఊడదీసి తెచ్చింది. సబ్బులు రెండు, కాఫీపొడి, పసుపు, అగ్గిపెట్టెలు, మిషన్ నూనె చిన్న సీసా. పొద్దున్నే రాసిన చీటీ. తల్లి ఆ చీటీని కవరు పక్కన పెట్టింది. పెట్టి, చేతులు వెనక్కి తీసేసుకుంది.

"నువ్వు చూడు. నీ పని అదేగా. నేను చూడలేను."

రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి తేడా పట్టుకోవడం ప్రూఫ్‌రీడర్ పని. పద్దెనిమిదేళ్ళుగా అదే చేస్తోంది. వేలు పెట్టి అక్షరం అక్షరం చూసింది. 'ఫీ' గుడిదీర్ఘం పైకి లేచి చివర కొక్కెంలా వంగింది, రెండింటిలోనూ. 'సు' కొమ్ము కింది వరుసలోకి దిగి తెగింది, రెండింటిలోనూ. 'టె' ఎత్వం తల మీద టోపీలా పక్కకి జరిగింది, రెండింటిలోనూ. నలభై ఆరేళ్ళలో చెయ్యి కాస్త వణికింది, అంతే. తేడా కోసం ఆమె కళ్ళు పిచ్చిగా వెతికాయి. ఒక్క తేడా దొరికినా చాలనుకుంది. దొరకలేదు.

ఇదే చేత్తో ప్రతి పుట్టినరోజుకీ ఆమెకి ఉత్తరం వస్తుంది. నర్సుకి కూడా విడిగా ఒకటి వస్తుంది.

"అమ్మా..." అంది.

"విశ్రాంతి గదిలో దీపం తీగ మార్చడానికి వచ్చాడు" అంది తల్లి, ఎవరికో డిక్టేషన్ ఇస్తున్నట్టు. "ఆ వారమే వచ్చాడు. నేనే సొరుగు పక్కకి జరిపి దారిచ్చాను. మంచినీళ్ళు కూడా ఇచ్చాను."

గేటు చప్పుడైంది. గుమ్మంలో చెప్పులు విడిచిన శబ్దం. ఈలపాట.

"ఏమోయ్, అయిపోయింది! బెల్లు కాదు, వైరు ఎలుక కొరికింది" అంటూ లైన్‌మన్ లోపలికొచ్చాడు. చొక్కా జేబులో స్క్రూడ్రైవర్, చేతిలో పట్టుకారు. "బుజ్జీ, అప్పుడే తిరిగొచ్చేశావా? ఈ పిల్లలేరీ? ఇవాళ ఇంత తొందరగా బడి వదిలేశావేంటి..."

ఇద్దరి ముఖాలూ చూశాడు. వాళ్ళ కళ్ళు ఎక్కడున్నాయో అటు చూశాడు. బల్ల మీద సరుకుల చీటీ, దాని పక్కన పాత కవరు.

పట్టుకారు మెల్లగా మిషన్ మీద పెట్టాడు. ఇదేంటని అడగలేదు.

"ఇంకా ఉందా అది?" అన్నాడు.